ఆరో వరస, పంతొమ్మిదో వరస

నాలుగడుగులే కదా, సామాన్లబండి తోసేవాడు ముందుంటాడు, చేతిసంచీ పట్టుకున్నవాళ్ళు వెనకుంటారు, ఇందులో తప్పుపట్టాల్సిందేముంది అనుకుంటూ అతను బండిని ఇంకో జానెడు ముందుకి జరిపాడు, వెనక్కి తిరిగి చూడక్కర్లేదు, భార్య ఎక్కడుందో అతనికి తెలుస్తూనే ఉంటుంది, మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరని ఊపిరి, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకున్నప్పుడు చెప్పుల చప్పుడు, అవన్నీ సరే, వాటికన్నా బాగా తెలిసేది పక్క వరసలో మాటలు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలవడం, ఆమె ఎక్కడికెళ్ళినా అలా ఆగుతాయి, అంత లావు మనిషిని చూసి ఆగకుండా ఉండవు, పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో ఎన్నిసార్లు విన్నాడో ఆ ఆగడాన్ని, పాఠ్యపుస్తకాల అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాడికి ఎగిరిపోయిన అక్షరమే ముందు కనపడ్డట్టు, అతనికి ఆగిపోయిన మాటే ముందు వినపడుతుంది, ఏమిటా ధ్యాస ఇప్పుడు, టిక్కెట్టు జేబులో ఉందా, ఉంది, గుర్తింపు కార్డు, ఉంది, సాయంత్రం నాలుగింటికి మరదలికి ఆపరేషన్, తలలో గడ్డ, చిన్నదేలెండి అన్నారట డాక్టర్లు, తలలో చిన్నదేమిటి పెద్దదేమిటి, అక్క వచ్చి చెయ్యి పట్టుకుంటేగానీ లోపలికెళ్ళనని మొండికేసిందట, తోడల్లుడు ఆరు రోజుల కింద ఫోన్ చేసి అది చెప్తూ చెప్తూ ఏడ్చేశాడు, తల్లి పోయేనాటికి ఆ పిల్లకి ఐదేళ్ళు, అక్కకి పదహారు, అక్క చేతి ముద్దలే తిని అక్క పక్కలోనే పడుకుని పెరిగింది, రైల్లో అయితే రెండ్రోజుల ప్రయాణం, అందుకని విమానం, ఆమెకిదే మొదటిసారి, టిక్కెట్లు అతనే తీశాడు, అచ్చాఫీసు కంప్యూటర్లో, భోజనాలకి అందరూ లేచాక, తెర మీద సీట్లన్నీ చిన్నచిన్న నీలం గళ్ళు, నీలం అంటే ఖాళీ అని, ఎన్ని నీలాలో, పక్కపక్కన దొరకలేదే అని ఇంటికొచ్చి చెప్పాడు, నాకు ఆరో వరసలో, నీకు పంతొమ్మిదిలో, నీది కిటికీ సీటు, మబ్బులు కనపడతాయి, ఆమె పోన్లెండి రెండు గంటలేగా అంది, అబద్ధం ఎంత సుళువుగా గొంతు దిగిందంటే అది అబద్ధమని ఆ పూటకి అతనే మర్చిపోయాడు.

రెండు కౌంటర్లూ ఒకేసారి ఖాళీ అయ్యాయి, అతను ఒకదానికి, ఆమె పక్కదానికి, ఎవరి కాగితాలు వాళ్ళ దగ్గరే ఉండాలని ఇంట్లోనే పంచేశాడు కదా, అది కూడా ముందుచూపే అనుకున్నాడు, అతని పని రెండు నిమిషాల్లో అయిపోయింది, బోర్డింగ్ పాసు పట్టుకుని స్తంభం పక్కకెళ్ళి నిలబడి అందులో తన పేరు అక్షరం అక్షరం చదువుకుంటున్నాడు, అలవాటు, చదువుతూనే ఒక చెవి అటు వేశాడు, అక్కడ ఆలస్యమవుతోంది, కౌంటర్లో ఆవిడకి నలభై ఏళ్ళుంటాయి, మెడకి రంగు రుమాలు, అలసిపోయిన మంచి మొహం, ఆవిడ ఎవరికో ఫోన్ చేసింది, పెట్టేసింది, గొంతు తగ్గించి ఏదో చెప్పింది, భార్య ఏమిటీ అని ముందుకి వంగింది, ఆవిడ గొంతు ఇంకా తగ్గించింది, ఆ తగ్గించడమే అందరి చెవులూ నిక్కబొడుచుకునేలా చేసింది, పోయిన నెల నుంచి కొత్త నిబంధన అమ్మా, సీటుకి రెండు పక్కలా ఉండే చేతులు పూర్తిగా కిందికి దిగాలి, దిగకపోతే పక్క సీటు కూడా తీసుకోవాలి, ఇవాళ విమానం నిండిపోయింది, ఒకసారి అక్కడ మాదిరి కుర్చీలో కూర్చుని చూపిస్తారా, ఏమీ అనుకోకండి, మీతో ఎవరైనా ఉన్నారా, మా ఆయన ఉన్నారు అంది భార్య, కౌంటరావిడ లేచి నిలబడి చుట్టూ చూసి, ఎవరండీ, ఈవిడ తాలూకు ఎవరండీ, అని కాస్త గట్టిగానే అడిగింది, స్తంభానికీ కౌంటరుకీ మధ్య పదిహేనడుగులుంటాయేమో, అతనికి వినపడింది, స్పష్టంగా వినపడింది, వరసలో ఉన్న యాభైమందీ ఆ తాలూకు మనిషెవరా అని తలలు తిప్పడం కూడా కనపడింది, నేను అనాలి, రెండక్షరాలు, అనలేదు, ఒక్క క్షణం, ఒక్క క్షణమేనా, ప్రూఫు చదివేవాడికి క్షణం ఎంతో తెలుసు, ఆ క్షణంలో అతను బోర్డింగ్ పాసు వైపు చూశాడు, ఇంకెవరినో అడుగుతున్నట్టు, ఆ క్షణంలోనే భార్య తల తిప్పి, అందరూ వెతుకుతున్న మనిషిని వెతకాల్సిన పనిలేకుండా, నేరుగా స్తంభం వైపే చూసింది, అప్పుడన్నాడు నేనండీ అని, అప్పటికి ఆ మాట ఎవరికీ అక్కర్లేకుండా పోయింది.

మాదిరి కుర్చీ గోడవారగా ఉంది, దాని పక్కనే సంచీలు పడతాయో లేదో పెట్టి చూసే ఇనపచట్రం, దీనికీ దానికీ ఒకటే పని అన్నట్టు, అతను బండి వదిలేసి వచ్చి నిలబడ్డాడు, భార్య చేతిసంచీ అతనికివ్వలేదు, కింద పెట్టింది, కుర్చీకి వీపు చేసి నిలబడి, ముందు మోకాళ్ళ వెనక భాగం కుర్చీ అంచుకి తగిలించి, తర్వాత చేతులు వెనక్కి ఆనించి, తర్వాత నెమ్మదిగా కూర్చుంది, ఆ కూర్చోవడం అతనికి తెలుసు, నాన్నకి నేర్పింది అలాగే, ముందు కాళ్ళకి కుర్చీ తెలియాలి మావయ్యగారూ, తర్వాత చేతులకి, ఆఖర్న మీకు, అని నవ్వుతూ చెప్పేది, అప్పటికి మావయ్యగారు కాదు, ఆస్పత్రిలో పదకొండో మంచం, నాన్నకి పక్షవాతమొచ్చి కుడిపక్క పడిపోయి మూడు వారాలయింది, రోజుకి నలుగురు రోగుల్ని నడిపించే ఫిజియోథెరపీ అమ్మాయి ఒకతె ఉండేది, అప్పుడూ లావే, ఇప్పుడంత కాదుగానీ లావే, నాన్న చంకలో భుజం పెట్టి లేపితే ఆరడుగుల మనిషి మొక్కలా లేచాడు, మొదటిసారి గోడ దాకా నడిచినరోజు నాన్న ఆయాసపడుతూ అన్నాడు, గోడ వచ్చేదాకా నువ్వే నా గోడవి తల్లీ, అప్పట్నుంచి వార్డంతా ఆమెని గోడమ్మా అనే పిలిచింది, ఆమె నవ్వేది, కాగితం ముక్కలాంటి తన జీవితంలోకి ఆ నవ్వు వచ్చి బరువు పెట్టినట్టు ఉండేది అతనికి, ఎగిరిపోకుండా, పెళ్ళి మాట తనే ఎత్తాడు, ఎవరూ బలవంతపెట్టలేదు, అమ్మ జంట బావుండదేమోరా అంటే, నాన్న వంకర మూతితోనే, ఈ పిల్ల ఇంట్లో ఉంటే నేను పడను అన్నాడు, పడలేదు కూడా, పోయేదాకా, తొమ్మిదేళ్ళు.

మరి ఎప్పట్నుంచి, నాలుగడుగులు ఎప్పట్నుంచి, తెలియనట్టు అడుగుతావేంరా, రోజుతో సహా తెలుసు, పెళ్ళయిన మూడో ఏడు, అచ్చాఫీసు వార్షికోత్సవం, ఇద్దరూ చేతులు పట్టుకునే వెళ్ళారు, మర్నాడు బైండింగు గదిలో ఎవడో, ఎవడో ఏమిటి, బైండింగు మేస్త్రీయే, వస్తున్నాడ్రోయ్ మావటి అన్నాడు, ఒక్కసారి అర్థం కాలేదు, ఏనుగు పక్కన మావటివాడు అని విడమరిచి చెప్పాక అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు, అదీ, అక్కడే, అందరికన్నా గట్టిగా నవ్వాడు, ఏడెనిమిదేళ్ళు మావటి అనే పిలిచారు, పిలిస్తే పలికాడు, ఆ సాయంత్రం బజారుకెళ్తూ చెయ్యి వదిలేశాడు, చెమట పడుతోందని, మర్నాడు రెండడుగులు ముందుకి, రోడ్డు ఇరుకని, తర్వాత నాలుగు, ఆమె అడగలేదు, నడక నేర్పేవాళ్ళకి ఎవరి అడుగు ఎందుకు మారిందో చెప్పాలా, సినిమాకి నువ్వెళ్ళు నేను ఆఫీసు నుంచి నేరుగా వస్తానని, చీకటి పడ్డాక హాల్లోకి, లైట్లు వెయ్యకముందే బయటికి, ఎవరైనా ఏమైనా అంటారేమో ఆమెకి కష్టంగా ఉంటుందని, ఆమె కోసమే, ఆమె కోసమేనని ఎన్నిసార్లు చెప్పుకున్నాడో, అరిగిపోయిన అచ్చులాగ ఆ మాట చివరికి చదవడానికి కూడా రాకుండా పోయింది.

కుర్చీ ఎడమ చెయ్యి దిగింది, కుడిది దిగలేదు, ఏటవాలుగా ఆగిపోయింది, నాలుగు వేళ్ళ ఎత్తు, కౌంటరావిడ ఒకసారి మెల్లగా నొక్కి, వెంటనే తన చెయ్యి తీసేసుకుంది, మనిషిని నొక్కినట్టయిందేమో, సారీ అమ్మా అంది, వరసలో ఎవరో పాపం అన్నారు, మెడకి గాలిదిండు తగిలించుకున్న పెద్దమనిషి మాత్రం, పాపమే, కానీ మన సీటులో సగం పోతే మనమూ పాపమే కదండీ అన్నాడు, అందులోనూ అన్యాయమేమీ లేదు, బస్సులో లావుపాటి మనిషి వచ్చి పక్కన కూర్చుంటే అతను మాత్రం ఎన్నిసార్లు మొహం చిట్లించలేదు, రేపు పొద్దున విమానంలో రెండు సీట్లు ఇప్పించగలను అంది కౌంటరావిడ, రేపు కాదమ్మా ఇవాళ నాలుగింటికి మా చెల్లెలికి ఆపరేషన్ అంది భార్య, గొంతు మామూలుగానే ఉంది, కుర్చీలోంచి లేవలేదు, తలకి ఆపరేషన్, నేను వెళ్ళకపోతే అది లోపలికి వెళ్ళదు, వెళ్ళినా భయంతో వెళ్తుంది, భయంతో వెళ్ళినవాళ్ళు తేరుకోవడం నేను చూశాను, అలా వెళ్ళకూడదు, కౌంటరావిడ కళ్ళలో ఏదో కదిలింది, ఉండండి అని తెర దగ్గరికి పరిగెత్తింది, కాసేపటికి వెలిగిన మొహంతో తల ఎత్తింది, ఒక మార్గముందమ్మా, ఒకే టిక్కెట్టు మీద వెళ్ళేవాళ్ళు పక్కపక్కన ఉండి, పక్కనవాళ్ళు అభ్యంతరం లేదని రాసిస్తే, మధ్యలో చెయ్యి పైకి ఎత్తుకోవచ్చు, రెండో సీటు అక్కర్లేదు, మీ ఆయన మీ పక్కన ఉంటే గొడవే లేదు, అని మళ్ళీ తెర చూసి కనుబొమలు ముడిచింది, అదేమిటి సార్, మీకు ఆరు, అమ్మగారికి పంతొమ్మిది, టిక్కెట్లు తీసింది ఆరు రోజుల కింద, అప్పటికి వెనకంతా ఖాళీయే, పక్కపక్కన బోలెడున్నాయి.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం సామెత, అతను నిజంగానే చొక్కా జేబు తడుముకున్నాడు, అక్కడేదో కాగితం ఉన్నట్టు, ఆ కాగితంలో జవాబు ఉన్నట్టు, కౌంటరావిడ మంచిది, అతని మొహం చూసి తనే దారి చూపించింది, పొరపాటున నొక్కేసుంటారు సార్, చాలామందికి అవుతుంది, అవునండీ పొరపాటున అన్నాడతను, హమ్మయ్య అనిపించింది, నిజంగా ప్రాణం లేచొచ్చింది, ఎంత తేలిగ్గా అయిపోయిందో, అప్పుడు భార్య ఆ కుర్చీలో కూర్చునే, కౌంటరావిడతో, పక్కింటావిడతో చెప్పినట్టు అంది, ఆయన అచ్చుతప్పులు దిద్దే మనిషమ్మా, ముప్ఫై ఏళ్ళుగా అదే పని, పొరపాటున ఏదీ చెయ్యరు. అతని వైపు చూడలేదు, కౌంటరావిడ తెరలోకి తలదూర్చేసింది, వరసలో మాటలు ఆగాయి, ఈసారి ఆగింది అతన్ని చూసి, ఆమె రోజూ మోసేది ఇదా అనుకున్నాడు, ఈ చూపుల కిందేనా కూరగాయలు కొనేది, బస్సెక్కేది, రోగులకి నడక నేర్పేది, అతను ఈ ఒక్క నిమిషానికే తల దించేసుకున్నాడు.

పంతొమ్మిదో వరసలో మధ్య సీటు కుర్రాడు ఆరో వరస అంటే ఎగిరి గంతేశాడు, కౌంటరావిడ కాగితం తెచ్చింది, ఒక్క పేజీ, నా పక్క సీటులో కూర్చునే ప్రయాణికురాలి వల్ల కలిగే అసౌకర్యం విషయంలో నాకు ఎటువంటి అభ్యంతం లేదు, అభ్యంతం, ర ఎగిరిపోయింది, ఎవరూ చూసుకోలేదు, ఎన్ని వందల కాగితాలు ఇలాగే అచ్చయిపోయాయో, అతని చెయ్యి దానంతటదే వెళ్ళి త కీ సున్నాకీ మధ్య చిన్న గుర్తు పెట్టి పైన ర అని రాసింది, రాశాక తెలిసింది ఏం చేశాడో, తల ఎత్తితే భార్య అదే చూస్తోంది, నవ్వలేదు, కోపంగానూ లేదు, ప్రయాణికురాలితో సంబంధం అని కింద ఒక గీత, దాని మీద భర్త అని రాయాలి, రాశాడు, అక్షరాలు వంకరపోయాయి, సంతకం పెట్టాడు, నా సంతకం వద్దా అమ్మా అని అడిగింది భార్య, మీది అక్కర్లేదమ్మా, పక్కనవాళ్ళది చాలు అంది కౌంటరావిడ, అలాగా అంది భార్య, ముందు చేతులు ఆనించి, తర్వాత కాళ్ళ మీద బరువు వేసి, ఎవరి సాయమూ లేకుండా లేచి, తన సంచీ తను తీసుకుని నడిచింది, అతను ఖాళీ బండి సంగతి మర్చిపోయి వెనక నడిచాడు.

విమానంలో మధ్యనున్న చెయ్యి పైకి ఎత్తేశారు, ఆమె కిటికీ పక్క సర్దుకుంది, అతను మధ్యలో, అటువైపు ఎవరో ముసలాయన అప్పుడే కునికిపాట్లు, బెల్టు చాల్లేదు, విమానంలో పనిచేసే అమ్మాయి పొడుగు ముక్క ఒకటి గుప్పిట్లో దాచిపెట్టి తెచ్చి వంగి ఇవ్వబోయింది, భార్య దాచక్కర్లేదమ్మా అని అందరికీ కనపడేలా తీసుకుని తగిలించుకుంది, ఆమె భుజం అతని భుజానికి, మోచేయి మోచేయికి, మోకాలి దాకా ఒక పక్కంతా వెచ్చగా ఆనింది, ఇలా పట్టపగలు నలుగురిలో ఆనుకుని ఎన్నేళ్ళయింది, ఇరవై మూడు, లెక్క అడక్కుండానే వచ్చింది, అసౌకర్యం అని రాసి ఉంది కదా కాగితంలో, అదెక్కడుందా అని వెతికాడు, తొడ నొక్కుకుపోతోంది, నిజమే, ముసలాయన వైపు ఒరగాల్సొస్తోంది, అదీ నిజమే, అయినా ఆ వెచ్చదనం పోతే బావుండునని అనిపించలేదు, ఆస్పత్రి వార్డులో నాన్న మొక్కలా లేచిన రోజు తనూ ఒక క్షణం అలా ఆనుకోవాలనుకున్నాడు, అంత సిగ్గులేకుండా కోరుకున్న మనిషి ఎటుపోయాడు, విమానం పరిగెత్తి ఒక్కసారి ముక్కు ఎత్తింది, మొదటిసారి కదా భయపడుతుందని చెయ్యి చాపాడు, ఆమె అప్పటికే ముందు సీటు పట్టుకుని ఉంది, చాపిన చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు.

కింద ఊరు అగ్గిపెట్టెంతయింది, మబ్బులొచ్చాయి, ఆమె వాటిని చూస్తోంది, తప్పు చేశాను అన్నాడతను, ఇంజను హోరులో వినపడలేదేమో అనుకున్నాడు, ఏది, అంది ఆమె కిటికీలోంచి చూపు తిప్పకుండానే, ఆరో వరసా, పొరపాటు అన్నదా, రెండూ అన్నాడు, ఇంకా ఉన్నాయి అన్నాడు, మావటి సంగతి నీకు, అని మొదలుపెడితే, తెలుసు, మీ మేస్త్రీ భార్యకి తుంటి విరిగితే నడిపించింది నేనే, ఆవిడ చెప్పుకుని ఏడ్చింది, ఇరవై ఏళ్ళ నాటి మాట అంది, అంది అంతే, నవ్వింది వాళ్ళొక్కళ్ళే కాదు, అందరికన్నా నేనే గట్టిగా నవ్వాను అని చెప్పాలి, చెప్పాడో చెప్పాననుకున్నాడో, ఆమె కిటికీ వదిలి ఇటు తిరిగింది, రోగిని నొప్పి ఎక్కడో అడిగేటప్పటి మొహం, ఒక మాట అడగనా, ఆ కాగితం మీద మీకు అభ్యంతరం లేదని రాసిచ్చారు కదా, ఆవిడా మిమ్మల్నే అడిగింది, మీ ఆఫీసువాళ్ళూ మీ అమ్మా అందరూ మిమ్మల్నే అడిగారు, ఎలా ఉంటున్నావురా అని, ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగలేదేం, మీ పక్కన ఉండటానికి నాకేమైనా అభ్యంతరం ఉందేమోనని. అతను నోరు తెరిచాడు, అడుగుతున్నాను చెప్పు అందామని, ఆమె చెయ్యి అడ్డంపెట్టింది, ఇప్పుడు కాదు, ఇప్పుడు నాకు దాని మొహం తప్ప ఇంకేదీ కనపడట్లేదు, నాలుగింటి దాకా నన్నేమీ అడక్కండి, అని కళ్ళు మూసుకుంది, పెదవులు మెల్లగా కదులుతున్నాయి, చెల్లెలికి ఏం చెప్పాలో చెప్పుకుంటోంది, భయం లేదు, నేనిక్కడే ఉన్నాను, నేనిక్కడే ఉన్నాను.

రెండింపావుకి దిగుతామని పైలట్ చెప్పాడు, ఆస్పత్రికి అక్కడ్నుంచి అరగంట, అందుకుంటారు, ఆ పిల్ల చెయ్యి పట్టుకునేందుకు చాలినంత సమయముంటుంది, అతను కదలకుండా కూర్చున్నాడు, కదిలితే ఆమె మాటలు చెదురుతాయని, లావు మనిషితో సర్దుకుపోతున్న మంచివాడు అని అందరూ అన్నారు, తనూ నమ్మాడు, ఎంత గట్టిగా నమ్మాడంటే నాలుగడుగుల ముందు నడుస్తూ కూడా తనే ఆమెని మోస్తున్నాననుకున్నాడు, ఆమేమో పలకరిస్తే పలికి, వదిలేస్తే ఊరుకుని, స్తంభం దగ్గర ఆ క్షణాన్ని కూడా చూసి, చూసి కూడా ఇదిగో ఈ పక్క సీటులో అతన్ని కూర్చోనిచ్చింది, వద్దు అనడానికి ఆమెకి ఆ కుర్చీలో ఒక్క మాట చాలు, అనలేదు, అది చెల్లెలి కోసమా, ఇంకా ఏమైనా మిగిలుందా, అతనికి తెలియదు, నాలుగు తర్వాత ఆమె చెప్తే తెలుస్తుంది, చెప్పకపోతే లేదు, ఏది చెప్పినా వినాలి, ఇన్నేళ్ళూ ఈ పక్క చోటు తను ఆమెకిచ్చిందనే అనుకున్నాడు, ఇస్తూ వచ్చింది ఆమె.